రెక్క తేడా కొట్టిందా? బోల్టు రంధ్రం పెద్దది చేయకముందు ఇవి చూడండి

సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్లు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అయినా వారానికొకరు అదే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, ఎడమ రెక్క కుడి రెక్కతో కలవట్లేదు, ఏం చేయాలి?" ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను కట్టేది అల్యూమినియం రేకుతో, రివెట్లతో చేసే రెండు సీట్ల విమానం, రెక్క బాడీకి కిందివైపు ఉండే రకం. నెల్లూరు ఆటోనగర్ వైపు ఒక షెడ్డులో పని. మీది ట్యూబు, బట్టతో చేసేదైనా కొలిచే పద్ధతి ఇదే. సరిచేసే దగ్గర తేడాలు వస్తాయి, అవి అక్కడే చెబుతాను.

ముందే ఒక మాట. నా దగ్గరికి వచ్చిన 'రెక్క తేడా' కేసుల్లో ఎక్కువ భాగం రెక్క తప్పు కాదు, కొలత తప్పు. నా సొంత విమానంలోనూ మొదటిసారి అదే జరిగింది. కాబట్టి ఈ వ్యాసంలో సగం కొలత గురించే ఉంటుంది. ఆకురాయి పట్టుకుని వచ్చినవాళ్లు దాన్ని కాసేపు పక్కన పెట్టండి.

కావలసినవి

ట్యూబ్ లెవెల్, అంటే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు. పారదర్శకంగా ఉండాలి, 12 మీటర్లు తీసుకోండి. కనబడటానికి నీళ్లలో రెండు చుక్కల నీలిమందు కలపండి.

డిజిటల్ లెవెల్, 0.1 డిగ్రీ వరకు చూపించేది. ఒక రసమట్టం. ఒక మూలమట్టం.

తూకం గుండ్లు ఐదు, అన్నీ ఒకే రకం. వాటికి దారం బదులు సన్నటి గాలం దారం కట్టండి. నూలు దారం పురి తిరిగి గుండు తిరుగుతూనే ఉంటుంది.

స్టీలు టేపు ఒకటే. ఎడమవైపు ఒక టేపు, కుడివైపు ఇంకో టేపు వాడితే మీరు టేపుల మధ్య తేడా కొలుస్తున్నట్టు. టేపు లాగడానికి కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగ్ కాటా.

ఇన్సిడెన్స్ బ్లాకు, అంటే రెక్క బాడీకి ఎంత కోణంలో కూర్చుందో (అదే ఇన్సిడెన్స్) కొలిచే సాధనం. తిన్నటి అల్యూమినియం బాక్స్ పైపు కింద రెండు టేకు దిమ్మెలు. ఒకటి మెయిన్ స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం) మీద, రెండోది వెనక స్పార్ మీద కూర్చుంటుంది. దిమ్మెల ఎత్తుల తేడా డ్రాయింగ్ నుంచి తీసుకుని వడ్రంగి దగ్గర చేయించుకోవచ్చు. పైపు తిన్నగా ఉందో లేదో చూడటానికి దాని అంచు వెంట ఒక గీత గీయండి. పైపును తిప్పి అదే అంచును అదే గీతకు ఆనించండి. మధ్యలో సందు కనబడితే పైపు వంకర. గీత గీయడానికి చదునైన బల్ల లేకపోతే చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకోండి. పాలిష్ అయ్యాక మిగిలిన ముక్కలు క్వారీల దగ్గర చవగ్గానే దొరుకుతాయి, నా బల్ల గెలాక్సీ ముక్కే.

ఒక నోటు పుస్తకం. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కానీ దీన్ని ఎవరూ కొనరు.

పని మొదలు

1. సమయం ఎంచుకోండి. ఎండాకాలంలో అయితే తెల్లారి ఐదున్నర నుంచి ఏడున్నర వరకు. ఇది సౌకర్యం కోసం చెప్పట్లేదు. అల్యూమినియం మీటరుకు ఒక్కో డిగ్రీకి 0.023 మి.మీ. పెరుగుతుంది. నాలుగున్నర మీటర్ల రెక్క ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉండి మధ్యలో 20 డిగ్రీల తేడా వస్తే పొడవులోనే సుమారు 2 మి.మీ. తేడా. పైరేకు కాలి కిందిరేకు చల్లగా ఉంటే రెక్క కొస కిందికి వంగుతుంది కూడా. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కొలిచిన కొలతలు ఎవరికీ చూపించకండి. ఫ్యాన్లు ఆపేయండి. సముద్రపు గాలి తగిలే షెడ్డయితే షట్టర్ దించేయండి.

2. మీ పరికరాలు నిజం చెబుతున్నాయో చూడండి. డిజిటల్ లెవెల్‌ను ఒకచోట పెట్టి చదవండి, అక్కడే అటూ ఇటూ మార్చి పెట్టి మళ్లీ చదవండి. మొదట ఒకవైపు 0.3, తిప్పాక ఎదురువైపు 0.1 చూపించిందనుకోండి. అసలు వాలు 0.2, పరికరం తప్పు 0.1. తిప్పి చూడకపోతే ఆ 0.1 మీ రెక్కలోకి వెళుతుంది. రసమట్టానికీ ఇదే పరీక్ష.

నీళ్ల ట్యూబుకు పరీక్ష ఇంకా తేలిక. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకోండి, రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే లోపల బుడగ ఉన్నట్టు, లేదా ఒక కొసను ఎవరో బొటనవేలితో మూసినట్టు.

ఇక్కడే నా కథ చెప్పాలి. ఒకరోజు పదకొండు గంటలప్పుడు బాడీకి అడ్డం మట్టం చూస్తే 5 మి.మీ. తేడా వచ్చింది. పొద్దున లేదు. రెండు రోజులు స్టాండ్లు ఎత్తాం, దించాం, బాడీ మెలి తిరిగిందేమోనని టెన్షన్ పడ్డాం. మూడో రోజు గోడకు ప్లాస్టరింగ్ చేయడానికి వచ్చిన మేస్త్రి సిమెంటు తట్ట పక్కనపెట్టి చూసి, "ఒక కొస ఎండలో ఏలాడదీసి మట్టం చూస్తా ఉండారేంది సార్, ఆ నీళ్లు కాగుండాయి గదా" అన్నాడు. షట్టర్ పక్కన నిలువుగా కట్టిన కొస మీద ఎండ పడుతోంది. వేడెక్కిన నీళ్లు తేలికై ఆ వైపు మట్టం పైకి లేస్తుంది. 30 డిగ్రీల నీళ్లకూ 40 డిగ్రీల నీళ్లకూ తేడా మీటరు ఎత్తుకు మూడున్నర మి.మీ. మాది 1.2 మీటర్ల ఎత్తు, నీళ్లు ఇంకాస్త ఎక్కువే కాగాయి, లెక్క సరిపోయింది. ట్యూబు నేల మీద పడుకున్న భాగం ఎండలో ఉన్నా ఫరవాలేదు. నిలువుగా ఉన్న రెండు కొసలూ ఒకే వేడిలో ఉండాలి.

ఇంత చెప్పినా ట్యూబునే వాడమంటాను. డిజిటల్ లెవెల్‌లో ఒక్క అంకె మారితే మీటరుకు 1.75 మి.మీ. తేడా వచ్చినట్టు. ట్యూబు 8 మీటర్ల దూరంలో కూడా ఒకటి రెండు మి.మీ. పట్టేస్తుంది. ధర సంగతి సరేసరి.

3. బాడీని మట్టం చేసి కదలకుండా కట్టేయండి. డ్రాయింగ్‌లో లెవెల్ చూడాల్సిన చోట్లు రాసి ఉంటాయి, సాధారణంగా కాక్‌పిట్ దగ్గరి లాంజరాన్లు (బాడీ పొడవునా సాగే కమ్మీలు). అక్కడే చూడాలి. సీటు పలక మీద, ఇంజను మౌంటు మీద రసమట్టం పెట్టి చూసేవాళ్లున్నారు, అది వద్దు. పొడవునా, అడ్డంగా రెండూ సరిపోయాక స్టాండ్లకు పట్టీలు బిగించండి. షెడ్డు నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నష్టం లేదు, బాడీ కదలకపోతే చాలు. ప్రతి అరగంటకూ ఒకసారి మట్టం మళ్లీ చూసుకోండి. రెక్క మీద చెయ్యి వేసి మాట్లాడే బంధువులను దూరంగా కూర్చోబెట్టండి.

4. మధ్యగీత వేయండి. ముక్కు దగ్గర బాడీ మధ్య నుంచి ఒక గుండు, తోక స్తంభం మధ్య నుంచి ఒక గుండు వేలాడదీయండి. నేల మీద మాస్కింగ్ టేపు అంటించి గుండు మొనల కింద పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, రెండిటి మధ్య దారం లాగండి. గుండు ఊగుతూ ఉంటే బకెట్లో నీళ్లు పోసి అందులో ముంచండి, నిమిషంలో ఆగుతుంది. కాక్‌పిట్ వెనక ఫ్రేము మధ్య నుంచి మూడో గుండు వేలాడదీస్తే అదీ దారం మీద పడాలి. పడకపోతే బాడీ అరటికాయలా వంగింది. రెక్కల సంగతి తర్వాత, ముందు అది తేల్చుకోండి.

5. స్వీప్ చూడండి, అంటే రెక్క వెనక్కో ముందుకో పోయిందా అన్నది. రెండు రెక్కల ముందంచు మీద మొదట్లో (బాడీ పక్కన) ఒకటి, కొసన ఒకటి చొప్పున నాలుగు గుండ్లు వేలాడదీయండి. ముందంచు తిన్నగా ఉండే డిజైనయితే నాలుగు మొనలూ ఒకే దారం మీద ఉండాలి, ఆ దారం మధ్యగీతకు మూలమట్టంగా ఉండాలి. తర్వాత తోక స్తంభం నుంచి ఒక్కో రెక్క కొసకు టేపుతో కొలవండి. కొస అంటే ఫైబర్ టిప్ కాదు. రెండు వైపులా ఒకే రిబ్ (రెక్కకు ఆకారమిచ్చే అడ్డు పలక) మీద, ఒకే వరుసలోని రివెట్టు. స్ప్రింగ్ కాటాతో రెండు వైపులా 5 కిలోల లాగుడు ఉంచండి. టేపు కొక్కెం వాడకుండా 100 మి.మీ. గీత దగ్గర పట్టుకోండి.

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. రెండు వైపులా దూరం వేరుగా వచ్చిందంటే రెక్క తప్పని అనుకుంటారు. రెక్క సగం పొడవు 4 మీటర్లు, తోక దూరం 4.2 మీటర్లు అనుకుందాం. తోక స్తంభం 3 మి.మీ. పక్కకు జరిగినా రెండు దూరాల మధ్య 4 మి.మీ. తేడా కనబడుతుంది. ఒక రెక్క కొస 6 మి.మీ. వెనక్కి పోయినా దాదాపు అంతే తేడా. టేపు ఒక్కటే ఈ రెండిటినీ విడదీసి చెప్పలేదు. గుండ్ల దారం సరిగ్గా ఉండి టేపు తేడా చూపిస్తే తోక చూడండి. దారం కూడా తేడా చూపిస్తే రెక్క చూడండి.

6. డైహెడ్రల్, అంటే రెక్క కొస వైపు పైకి లేచే వాలు. కొస నుంచి కొసకు దారం లాగి, రెక్క మొదట్లో రెండు చోట్లా దారం కింద ఎత్తు కొలవండి. తర్వాత మెయిన్ స్పార్ వెంట డిజిటల్ లెవెల్ పెట్టి రెండు వైపులా చదవండి. ఒక రెక్క డ్రాయింగ్ కన్నా 0.3 డిగ్రీ ఎక్కువ, ఇంకోటి 0.3 తక్కువ ఉంటే సంబరపడండి. రెండూ కూడితే లెక్క సరిపోతోంది కదా, రెక్కల్లో తప్పు లేదు, బాడీయే పక్కకు ఒరిగింది. మూడో స్టెప్పుకు వెళ్లండి.

7. ఇన్సిడెన్స్. దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. స్వీప్‌లో 6 మి.మీ. కన్నా ఇన్సిడెన్స్‌లో 3 మి.మీ. నాకు ఎక్కువ భయం. మొదటిది గాల్లో మీకు తెలియకపోవచ్చు, రెండోది విమానాన్ని ఒక పక్కకు ఒరగదీస్తూనే ఉంటుంది. బ్లాకును రెక్క మొదట్లో, మధ్యలో, కొసన పెట్టి చదవండి. రెక్క కొసకు వెళ్లేకొద్దీ సన్నబడే డిజైనయితే చోటు చోటుకూ దిమ్మెలు వేరు. ఒక్కోచోట మూడుసార్లు, బ్లాకును ఎత్తి మళ్లీ పెట్టి చదవండి. దిమ్మె కింద రివెట్టు తల గానీ, డ్రిల్లు పొట్టు గానీ ఉంటే అంకె మారిపోతుంది, ముందు గుడ్డతో తుడవండి. మూడో రీడింగ్ మొదటి రెండూ తెలియని మనిషి చేత తీయించండి. తెలిసినవాడి కన్ను తనకు కావలసిన అంకె వైపే పోతుంది.

లెక్క గుర్తుంచుకోండి: రెండు స్పార్ల మధ్య 700 మి.మీ. ఉంటే వెనక స్పార్ దగ్గర 1.2 మి.మీ. అంటే 0.1 డిగ్రీ. అర డిగ్రీ అంటే 6 మి.మీ. రెండు రెక్కల మధ్య తేడా 0.1 డిగ్రీ లోపు ఉండాలన్నది నా పద్ధతి. మీ డ్రాయింగ్ ఇంకా కఠినంగా చెబితే దాన్నే పాటించండి.

రెక్క మొదట్లో సరిగ్గా ఉండి కొస దగ్గర తేడా వస్తే అది ఇన్సిడెన్స్ కాదు, రెక్కలో మెలిక. కొన్ని డిజైన్లలో కొసన కావాలనే మెలిక పెడతారు. అప్పుడూ రెండు రెక్కల్లో ఒకే అంత ఉండాలి.

8. తోక. స్టెబిలైజర్‌ను, అంటే తోక దగ్గరి అడ్డ రెక్కను, బాడీతో పాటు రెక్కతో కూడా పోల్చండి. పది మీటర్లు వెనక నిలబడి ఒక కన్ను మూసి రెక్క వెనకంచు మీదుగా చూస్తే వాలు ఇట్టే తెలుస్తుంది. మనిషి కన్ను ఈ పనిలో చాలా గట్టిది, సందేహం వస్తే కొలవండి. నిలువు ఫిన్ పైకొస నుంచి స్టెబిలైజర్ రెండు కొసలకూ దూరం సమానంగా ఉండాలి.

ఒక హెచ్చరిక. ఫిన్‌ను కొద్దిగా పక్కకు, ఇంజనును కొద్దిగా కుడికో కిందికో తిప్పి పెట్టే డిజైన్లు ఉన్నాయి. ప్రొపెల్లర్ వల్ల వచ్చే లాగుడు కోసం అలా చేస్తారు. డ్రాయింగ్ చూడకుండా దాన్ని 'సరిచేసిన' మహానుభావుడు ఒకాయన నాకు తెలుసు.

సరిచేయడం

అన్ని కొలతలూ రెండు వేర్వేరు రోజులు తీసి, రెండు రోజులూ ఒకే తప్పు చూపిస్తేనే ఇక్కడికి రండి.

వెనక స్పార్ బోల్టు రంధ్రం ఇంకా వేయకపోతే మీరు అదృష్టవంతులు. నాదిలాంటి రేకు విమానాల్లో స్వీప్, ఇన్సిడెన్స్ రెండూ చివరికి ఆ ఒక్క రంధ్రం దగ్గరే ఖాయమవుతాయి. రెక్కను కావలసిన చోటికి జరిపి, క్లాంపులు వేసి, 5, 6, 7 స్టెప్పులు మళ్లీ చేసి, 3 మి.మీ. పైలట్ రంధ్రం మాత్రమే వేయండి. మళ్లీ కొలవండి. ఒకవేళ 2 మి.మీ. పక్కకు పోయినా చివరి 8 మి.మీ. రంధ్రంలో అది కలిసిపోతుంది. కానీ డ్రిల్లు పాత రంధ్రం వెంటే పరిగెడుతుంది. అందుకని గట్టి స్టీలు గైడ్ బుష్‌ను కొత్త చోట క్లాంపు చేసి పెంచండి, చివరి కాస్త రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నునుపుగా తీసే పనిముట్టు) తీయండి.

రంధ్రం అయిపోయి ఉంటే దాన్ని ఆకురాయితో కోడిగుడ్డులా సాగదీయకండి. బోల్టు అందులో ఆడుతుంది, ఆడినకొద్దీ రంధ్రం పెరుగుతుంది. మీకున్న దారులు మూడు. తప్పు కొద్దిగా ఉంటే తర్వాతి సైజు బోల్టుకు రీమ్ చేయడం. అప్పుడు రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం కొత్త బోల్టు వ్యాసానికి రెండింతలు మిగలాలి, 8 మి.మీ. బోల్టుకు 16. రెండోది, బ్రాకెట్ కొత్తది చేసుకుని దాని మీద కొత్తగా రంధ్రం వేయడం. ఖర్చు, రెండు రోజుల పని, కానీ నేను మొగ్గేది దీనికే. మూడోది, రెట్టింపు పలక వేయడం, అంటే బలానికి ఆ చోట ఇంకో రేకు వేయడం. మొదటిదైనా మూడోదైనా డిజైనర్‌కు కొలతలు, ఫొటోలు పంపి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోకుండా చేయకండి.

రెక్కలో మెలిక ఉంటే, రేకు ఇంకా క్లెకోల (రివెట్టు పడేదాకా తాత్కాలికంగా పట్టే పిన్నులు) మీదే ఉన్నప్పుడు క్లెకోలు తీసి, జిగ్ (రెక్కను పట్టి ఉంచే చట్రం) సరిచేసి, మళ్లీ పెడితే పోతుంది. రివెట్లు పడ్డాక రేకు ఆ మెలికను పట్టుకుని కూర్చుంటుంది, చేత్తో మెలితిప్పితే రాదు. ఒకవైపు వరుస రివెట్లు తీయాల్సిందే. రివెట్టు తల మధ్యలో మాత్రమే డ్రిల్లు వేసి, పంచ్‌తో తల విరిచి, వెనక చెక్క ఆనించి కాడను మెల్లగా కొట్టండి. రంధ్రం పెద్దదైతే పై సైజు రివెట్టు. బట్ట రెక్కయితే బట్ట వేయకముందు లోపలి క్రాస్ వైర్లను బిగించి, వదులు చేసి, ప్రతి గదిలో ఎదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానం చేయండి. అది ఒక సాయంత్రం పని.

ట్యూబు బాడీ వెల్డింగ్‌లో వంగితే ఉబ్బిన వైపు ట్యూబును చిన్న చోట ఎర్రబడేదాకా వేడిచేసి దానంతటదే చల్లారనివ్వండి. చల్లారేటప్పుడు ఆ వైపు ముడుచుకుని వంపు లాగుతుంది. తొందరపడి నీళ్లు పోయకండి. క్రోమ్‌మాలీ స్టీలు మీద నీళ్లు పోస్తే పెళుసుబారి తర్వాత చీలుతుంది. ఈ పని ఆటోనగర్‌లో ఛాసిస్ లాగే మంచి వెల్డర్‌కు అర్థమవుతుంది, కానీ ఎంత వేడి అనేది మీరు పక్కనే ఉండి చూసుకోవాలి.

స్టెబిలైజర్ వాలుకు బ్రాకెట్ కింద వాషరు చాలు. ఏఎన్960 వాషరు మామూలుది 1.6 మి.మీ., సన్నది 0.8. బ్రాకెట్లు 300 మి.మీ. దూరంలో ఉంటే ఒక్క మామూలు వాషరు 2.4 మీటర్ల స్టెబిలైజర్ కొసల దగ్గర దాదాపు 13 మి.మీ. చూపిస్తుంది. అందుకే సన్నదానితో మొదలుపెట్టండి. మూడు వాషర్లు అవసరమయ్యాయంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

సరైందని ఎలా తెలుస్తుంది

బోల్టులు విప్పి, రెక్క పూర్తిగా ఊడదీసి, మళ్లీ బిగించి మొదటి నుంచి కొలవండి. బిగించి ఉన్నప్పుడు కొలిస్తే బలవంతంగా లాగి పట్టిన రెక్క కూడా బాగానే కనబడుతుంది. బోల్టు సుత్తి లేకుండా చేతి ఒత్తిడితో లోపలికి పోవాలి. అంకెలు పాతవాటితో కలవాలి. చక్రాల అలైన్‌మెంట్ ఇదంతా అయ్యాకే చూడండి, టైర్ల కింద గ్రీజు రాసిన రెండేసి రేకులు పెడితే అవి స్వేచ్ఛగా సర్దుకుంటాయి.

గాల్లో ఒక రెక్క బరువుగా అనిపిస్తే వెంటనే ఇన్సిడెన్స్ మీద పడకండి. ముందు ఫ్లాపులు రెండూ ఒకేలా పైకి ఆనుతున్నాయా, ఐలెరాన్లు (విమానాన్ని పక్కకు ఒరగదీసే రెక్క పలకలు) సమానంగా ఉన్నాయా, ఇంధనం రెండు ట్యాంకుల్లో ఒకే అంత ఉందా చూడండి. గాల్లోకి అంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చాకే. ఒంగోలు దాటాక కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ రన్‌వే ఉంది కదా, ఒకసారి పరిగెత్తించి చూద్దామా అని అడిగిన కుర్రాళ్లకు ఇదే సమాధానం: వద్దు నాయనా.

రెక్క మూసేముందు ప్రతి బ్రాకెట్‌కూ ఫొటో తీసి, పక్కన కొలతల కాగితం కనబడేలా పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే. పని అయిపోయిందని ఇన్సిడెన్స్ బ్లాకు దిమ్మెలు పొయ్యిలో పెట్టకండి, మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది. రెక్కలు విప్పి లారీలో ఎయిర్‌స్ట్రిప్‌కు తీసుకెళ్లి మళ్లీ బిగించినప్పుడు అవి మళ్లీ కావాలి.